నోటు పరీక్ష

ఇటలీ ఉత్తరపు కొస, కార్నియా కొండల్లో జనవరి.
నా వ్యాను చక్రాలకి గొలుసులు,
నా గోళ్ళ సందుల్లో పోయినేటి మసి.
పెల్లెట్ పొయ్యిలు బాగుచేసే ఎగ్లె వచ్చిందంటే
ఈ లోయలో కుక్కలు కూడా మొరగవు.

ఆ ఇంట్లో ఇద్దరన్నదమ్ములు.
ఫెర్మోకి డెబ్బై ఆరు, ఒరెస్తెకి డెబ్బై మూడు.
ఒక దూడ అమ్మకం దగ్గర మాటలు పోయి పదకొండేళ్ళు.
ఒకే బల్ల, ఒకే రొట్టె, మధ్యన పొయ్యి.
ఏదైనా చెప్పాలంటే దానికే చెబుతారు:
"పెల్లెట్లు చెమ్మెక్కుతున్నాయని చెప్పు వాడికి."
"బస్తా నేలమీద పెట్టిందెవరో అడుగు వాణ్ణి."
ఇద్దరికీ ఒకటే జవాబు, వేడి.
మొన్న మంగళవారం దాకా.

ఇప్పుడు అద్దం నల్లగా ఉంది.
లోపల మంట బద్ధకంగా, పసుప్పచ్చగా,
జ్వరం తగిలినవాడి నాలుకలా.

ముందు ఆపాను. ఫ్యాను ఆగాక ప్లగ్గు పీకాను.
చల్లారాలి, అన్నాను.
గంటన్నర.
ముగ్గురం కూర్చుని గోడగడియారాన్ని విన్నాం.

మంటగిన్నె అడుగున చిల్లులన్నీ చిట్టెం కట్టి పూడుకుపోయాయి.
ఒక్కొక్కటే పొడిచాను.
తడిసి పొట్టయిన పెల్లెట్లు
మరచుట్టు గొంతులో ఉండలా అడ్డంపడి ఉన్నాయి.
ఒరెస్తె ఇల్లూడ్చే వాక్యూమ్ తెచ్చి నిలబడ్డాడు సాయానికి.
వద్దన్నాను చేత్తోనే.
బూడిదని నమ్మకూడదు. నివురు కింద నిప్పు
మూడోరోజు కూడా కళ్ళు తెరుస్తుంది.
ఇనప బకెట్‌లోకి ఎత్తి, మూత బిగించి,
గడప అవతల మంచులో పెట్టాను.
బకెట్ అడుగు ఒక్కసారి సుయ్‌మంది.
ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

అయినా మంటకి ఊపిరాడలేదు.
మోకాలిలోతు మంచులో ఇంటి వెనక్కి వెళ్ళాను.
గాలి లోపలికి పోయే గొట్టంలో
ఊలు మేజోడు. గోధుమరంగుది, మడమ దగ్గర కుట్టు.
దాన్ని లాగితే వెనక ఇంకోటి, నీలంది.
తెచ్చి బల్లమీద పెట్టాను, రెండూ, పక్కపక్కన.
"చలిగాలి కొడుతోందని," అన్నాడు ఫెర్మో, పొయ్యితో.
"నాకూ కొట్టింది," అన్నాడు ఒరెస్తె, పొయ్యితోనే.
పదకొండేళ్ళలో కలిసి చేసిన పని ఇదొక్కటేనేమో.

అలారం ఏదని అడిగాను.
రొట్టెల డబ్బాలో ఉంది, తువ్వాలు చుట్టుకుని.
మంగళవారం రాత్రి అరిచిందట, నోరు మూయించారట.
కూర్చోబెట్టి చెప్పాను:
నిప్పు లేందే పొగ రాదంటారు, నిజమే,
పొగైనా లేకుండా వచ్చేదొకటుంది.
రంగుండదు, వాసనుండదు.
తలనొప్పిలా వస్తుంది, నిద్రలా కూర్చుంటుంది,
లేపడానికి మనిషి కూడా లేవడు.
అది అరిస్తే బయటికి పరుగెత్తాలి,
తువ్వాలు వెతకడం కాదు.

"ఆ రాత్రి నా తల పగిలిపోయింది," అన్నాడు ఫెర్మో.
"నా కిటికీ ఎవడో బార్లా తీశాడు, చలికి చస్తానని."
ఒరెస్తె పొయ్యి వైపే చూస్తూ
చాలాసేపటికి,
"చావకూడదనే తీశారని చెప్పు," అన్నాడు.

పొయ్యి చల్లగా ఉంది. ఏమీ చెప్పలేదు.
నేను అలారంలో కొత్త బ్యాటరీ వేసుకుంటూ ఉన్నాను.

చివరికి తలుపు అంచు తాడు.
దానికి నోటు పరీక్ష: అయిదు యూరోల కాగితం
సందులో పెట్టి, తలుపు మూసి, లాగి చూడాలి.
రాకపోతే బిగువుంది. జారితే గాలి దొంగతనంగా దూరుతోంది.
ఒంటిచేత్తో చెయ్యగలను.
చేతకాదన్నాను.
వాళ్ళ జేబులు కదల్లేదు, నోటూ నాదే ఇచ్చాను.

"లాగు."
"రావట్లేదు."
"గట్టిగా లాగరా."
"చిరుగుతుంది, వెధవా."
"కీలు దగ్గర చూడు."
"...ఇక్కడ జారింది."
"నేనప్పుడే చెప్పాను."
"ఎవరికి చెప్పావు?"

తాడు మార్చాను. మంట తెల్లగా లేచి నిలబడింది.
నేను మెట్లు దిగేటప్పటికి
లోపల దూడ సంగతి మొదలైంది, ధర దగ్గరనుంచి,
గట్టిగట్టిగా.
వ్యాను ఎక్కాక గుర్తొచ్చింది,
నోటు తిరిగివ్వలేదు.